'మెల్లగా' అన్న మాట ఎక్కడ పడిపోయింది? – విమ్ సొంత కమాండ్లలో మాడిఫయర్లు

మోండా మార్కెట్‌లో మా మేనమామకు చిన్న పూజా సామాను దుకాణం ఉంది. పసుపు, కుంకుమ, కర్పూరం, అగరొత్తులు, వత్తులు, పూలు కట్టే దారం ఉండలు, ఇలాంటివి. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి నడిచిపోయే దూరమే కాబట్టి సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి గల్లా దగ్గర కూర్చుంటాను. లెక్కలు రాయడం నా పని. అక్కడున్నది నేను ఇంటర్‌లో వాడి వదిలేసిన పాత లాప్‌టాప్. పెద్ద సాఫ్ట్‌వేర్లు దాంట్లో నడవవు. అందుకని లైనక్స్ ఎక్కించి, లెక్కలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా పెట్టి, విమ్ ఎడిటర్‌లో రాస్తున్నాను. రోజుకో ఫైలు, అది రోజు పుస్తకం. ఉద్దెర తీసుకునేవాళ్ళకు మనిషికో ఫైలు, అది ఖాతా.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ దుకాణంలో నేను చేసిన ఒక తప్పు. డబ్బు లెక్కన చూస్తే మూడొందల యాభై రూపాయలది. కానీ దానివల్ల ఒక పెద్దావిడ నలుగురి ముందు మాట పడాల్సి వచ్చింది. ఆ తప్పులో సగం నాది, సగం నేను రాసుకున్న ఒక్క లైను విమ్ కమాండ్‌ది. తర్వాత కూర్చుని ఆలోచిస్తే రెండూ ఒకటే తప్పని తెలిసింది. అది మీకు కూడా చెబుదామని.

ముందుగా ఒక మనవి. మన పత్రిక అంతా తెలుగు లిపిలో వస్తుంది కనుక కమాండ్లను కూడా తెలుగు అక్షరాల్లోనే రాశాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. గుర్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

క్రియకు ముందు వచ్చే మాట

విమ్‌లో ఎస్కేప్ నొక్కి, కోలన్ కొడితే తెర అడుగున కమాండ్ రాసే చోటు వస్తుంది. అక్కడ

:స్ప్లిట్

అని కొడితే కిటికీ రెండవుతుంది, ఒకదాని మీద ఒకటి. అదే

:వర్టికల్ స్ప్లిట్

అని కొడితే రెండు కిటికీలూ పక్కపక్కన వస్తాయి. పని ఒకటే, చీల్చడం. ఎలా చీల్చాలో చెప్పేది ముందున్న మాట. ఇలాంటి మాటలను విమ్‌లో కమాండ్ మాడిఫయర్లు అంటారు. తెలుగు వ్యాకరణం చదివిన మనకు ఇది కొత్తేం కాదు, క్రియా విశేషణమే. 'నడువు' అన్నది క్రియ, 'నెమ్మదిగా నడువు' అంటే ఎలా నడవాలో తెలిసింది. మనకూ విశేషణం క్రియకు ముందే వస్తుంది, విమ్‌కూ ముందే వస్తుంది.

తరచుగా పనికొచ్చేవి కొన్ని:

– వర్టికల్: కొత్త కిటికీ పక్కన తెరుచుకుంటుంది.
– ట్యాబ్: కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది.
– ఎబవ్‌లెఫ్ట్, బిలోరైట్: ఇప్పుడున్న కిటికీకి పైన లేదా ఎడమన, కింద లేదా కుడిన.
– టాప్‌లెఫ్ట్, బాట్‌రైట్: ఇప్పుడున్న కిటికీతో పనిలేకుండా మొత్తం తెరకే పై అంచున లేదా ఎడమ అంచున, కింది అంచున లేదా కుడి అంచున.
– కన్‌ఫర్మ్: సేవ్ చేయని మార్పులుంటే కమాండ్ ఊరికే ఆగిపోకుండా, ఏం చేయమంటావని మనల్ని అడుగుతుంది.
– సైలెంట్: మామూలు సందేశాలు చూపించకుండా పని చేసుకుపోతుంది.
– కీప్‌ఆల్ట్: వెనకటి ఫైలు ఏదో విమ్ గుర్తుపెట్టుకుంటుంది కదా, దాన్ని మార్చకుండా పని చేస్తుంది.
– నోఆటోసీఎండీ: ఆ కమాండ్ నడిచినంతసేపూ ఆటోకమాండ్లు లేవవు.

ఒకటికి రెండు కలపొచ్చు. ':వర్టికల్ బాట్‌రైట్ స్ప్లిట్' అంటే తెరకు కుడి అంచున నిలువుగా ఒక కిటికీ. 'హెల్ప్', 'టెర్మినల్' లాంటి కమాండ్లకూ ఇవి తగులుతాయి. ':ట్యాబ్ హెల్ప్' అంటే సహాయం పేజీ కొత్త ట్యాబ్‌లో, ':వర్టికల్ టెర్మినల్' అంటే టెర్మినల్ పక్క కిటికీలో.

నేను రాసుకున్న కమాండ్

ప్రతిసారీ ఫైలు దారి మొత్తం కొట్టడం విసుగు. అందుకని విమ్‌ఆర్‌సీ ఫైలులో ఈ లైను రాసుకున్నాను:

కమాండ్! -ఎన్‌ఆర్గ్స్=1 ఖాతా స్ప్లిట్ ~/దుకాణం/<ఆర్గ్స్>.టీఎక్స్‌టీ

'కమాండ్' అన్నది సొంత కమాండ్ పుట్టించే కమాండ్. వెనకున్న ఆశ్చర్యార్థకం, ఇదే పేరుతో ముందే ఒకటుంటే దాని స్థానంలో దీన్ని పెట్టమని. 'ఎన్‌ఆర్గ్స్=1' అంటే పేరు తర్వాత ఒక్క మాట రావాలని. సొంత కమాండ్ పేరు తప్పనిసరిగా క్యాపిటల్ అక్షరంతో మొదలవ్వాలి, విమ్ సొంత కమాండ్లతో కలిసిపోకుండా ఉండటానికి. కాబట్టి 'ఖాతా'లో మొదటి కే క్యాపిటల్. ఇక ':ఖాతా పూలవ్వ' అని కొడితే '<ఆర్గ్స్>' ఉన్న చోట 'పూలవ్వ' వచ్చి కూర్చుని, ఆ ఫైలు రోజు పుస్తకం పైన తెరుచుకుంటుంది.

కొన్ని నెలలు బాగానే నడిచింది.

ఆ రోజు

పండగ ముందు రోజులు. గల్లీలో నడవడానికి సందు లేదు. మామ లోపల సరుకు దింపించుకుంటూ నాతో అన్నాడు: "అల్లుడా, పూలవ్వ ఖాతా చూడు. బాకీ ఉంటే పక్కకు పిలిచి మెల్లగ అడుగు. గిరాకీ ముందర అడగకు."

పూలవ్వ మా దుకాణానికి నాలుగడుగుల దూరంలో పూలు అమ్ముతుంది. పూలతో పాటు కర్పూరం, అగరొత్తులు కూడా పెట్టుకుంటుంది, అవి మా దగ్గరే ఉద్దెరకు తీసుకుంటుంది.

మామకు కనబడాలని ఆ లాప్‌టాప్‌లో అక్షరాలు చాలా పెద్దవి పెట్టాను. తెర మొత్తానికి ఇరవై అయిదు లైన్లు పడితే గొప్ప. మీదా కిందా రెండు కిటికీలు తెరిస్తే ఒక్కోదాంట్లో పన్నెండు కూడా పట్టవు. అందుకని ఖాతా పక్కన తెరుచుకోవాలని ఇలా కొట్టాను:

:వర్టికల్ ఖాతా పూలవ్వ

ఖాతా మీదే తెరుచుకుంది, పక్కన కాదు. ఎర్ర అక్షరాల్లో తప్పు ఏదీ రాలేదు. ఏదో నేనే సరిగా కొట్టలేదేమో అనుకుని ఊరుకున్నాను, చేతిలో గిరాకీ ఉంది. పైన కనబడిన పదకొండు లైన్లలో ఆఖరిది 'బాకీ 350'. ఆవిడ ఖాతాలో మొత్తం పంతొమ్మిది లైన్లున్నాయి. పంతొమ్మిదో లైను 'జమ 350'. అది రాసింది నేనే, అంతకు ముందు ఆదివారం. కానీ కిటికీ కింది అంచు దాటి ఉండటంతో అది నాకు కనబడలేదు.

దుకాణంలో పనిచేసే కుర్రాడిని పిలిచి చెప్పాను: "పో, పూలవ్వను మూడొందల యాభై అడిగి రా."

వాడు అక్కడి నుంచే గట్టిగా కేకేశాడు. "అవ్వా! మూడొందల యాభై బాకీ ఉన్నదంట, ఎప్పుడిస్తవు?"

ఆవిడ ముందు ఇద్దరు ముగ్గురు పూలు కొంటున్నారు. ఆవిడ లేచి మా గల్లా దగ్గరికొచ్చింది. "మొన్న ఆయితారమే ఇస్తి గద బిడ్డా. నీ చేతికే ఇస్తి." నేను కిందికి జరిపి చూశాను. ఉంది. తప్పయిందని చెప్పాను. ఆవిడ కాసేపు నిలబడి, "లెక్క ఎవరికైనా తప్పుతది. గంత మంది ముందట అడిగిపిస్తివి సూడు, గది మంచిగ లేదు," అని వెళ్ళిపోయింది.

మామ నన్ను తిట్టలేదు. "నేను మెల్లగ అడుగమన్న కదరా," అన్నాడు అంతే. నిజమే, అన్నాడు. 'పక్కకు పిలిచి', 'మెల్లగా' అన్న రెండు మాటలూ నా దాకా వచ్చాయి. నేను కుర్రాడికి పని ఒక్కటే చెప్పాను, ఎలా చేయాలో చెప్పలేదు. వాడి తప్పేం లేదు, వాడికి అందిన మాట వాడు చేశాడు.

ఆ రాత్రి విమ్ సహాయం పేజీ తెరిచి వెతికితే నా 'ఖాతా' కమాండ్ చేసింది కూడా సరిగ్గా ఇదేనని తెలిసింది.

విమ్ ఎందుకు తప్పు చూపించలేదు?

సొంత కమాండ్‌కు మనం అయిదారు రకాల సమాచారం ఇవ్వొచ్చు. వెనక వచ్చే మాటలు, అంటే ఆర్గుమెంట్లు. పేరుకు అతికి వచ్చే ఆశ్చర్యార్థకం, దాన్ని బ్యాంగ్ అంటారు. ముందు వచ్చే లైన్ల అంకెలు, అంటే రేంజ్. అన్నిటికన్నా ముందు వచ్చే విశేషణం, అంటే మాడిఫయర్.

మొదటి మూడింటికీ విమ్ కాపలా కాస్తుంది. 'ఎన్‌ఆర్గ్స్' రాయకుండా పుట్టించిన కమాండ్‌కు వెనక ఏమైనా తగిలిస్తే ఈ488 అని తప్పు వస్తుంది, అనవసరమైన అక్షరాలున్నాయని. '-బ్యాంగ్' రాయకుండా ఆశ్చర్యార్థకం పెడితే ఈ477, ఇక్కడ అది కుదరదని. '-రేంజ్' రాయకుండా లైన్ల అంకెలిస్తే ఈ481. అంటే తీసుకోవడానికి సిద్ధంగా లేనిదాన్ని ఆ కమాండ్ తీసుకోనే తీసుకోదు, మనకు వెంటనే తెలిసిపోతుంది.

మాడిఫయర్‌కు ఇలాంటి కాపలా లేదు. '-మాడ్స్' అని ప్రకటించాల్సిన గుణమేదీ లేదు. ఏ సొంత కమాండ్ ముందైనా 'వర్టికల్' పెట్టొచ్చు, విమ్ ఒప్పుకుంటుంది. కానీ మన కమాండ్ లోపల ఉన్న 'స్ప్లిట్' వేరే కమాండ్. విమ్ ప్రతి కమాండ్‌నూ కొత్తగా చదువుతుంది, దాని విశేషణాలు దాని ముందు ఉన్నాయా అని చూస్తుంది. బయట 'ఖాతా'కు తగిలించిన 'వర్టికల్' లోపలి 'స్ప్లిట్' ముందు లేదు. కాబట్టి అది మామూలు స్ప్లిట్‌లాగే నడిచింది. 'వర్టికల్' అన్న మాట 'ఖాతా' దగ్గరే ఆగిపోయింది, చప్పుడు లేకుండా.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఈ చప్పుడు లేకపోవడమే. తప్పు వచ్చి ఉంటే ఆగి చూసేవాణ్ణి.

మందు: <మాడ్స్>

దీనికి మందు ఒక్క మాట.

కమాండ్! -ఎన్‌ఆర్గ్స్=1 ఖాతా <మాడ్స్> స్ప్లిట్ ~/దుకాణం/<ఆర్గ్స్>.టీఎక్స్‌టీ

'<ఆర్గ్స్>' స్థానంలో వెనకటి మాట వచ్చినట్టే, '<మాడ్స్>' స్థానంలో ముందటి విశేషణాలు వచ్చి కూర్చుంటాయి. ':వర్టికల్ ఖాతా పూలవ్వ' అంటే లోపల 'వర్టికల్ స్ప్లిట్' అవుతుంది. ':ట్యాబ్ ఖాతా పూలవ్వ' అంటే 'ట్యాబ్ స్ప్లిట్'. విశేషణమేమీ లేకుండా ':ఖాతా పూలవ్వ' అంటే '<మాడ్స్>' ఖాళీ అయిపోతుంది, పాత పద్ధతిలోనే నడుస్తుంది. అంటే దీన్ని చేర్చడం వల్ల పోయేదేమీ లేదు.

మీరు కొట్టిన అక్షరాలు యథాతథంగా పోవు, వాటి అర్థం పోతుంది. 'వెర్ట్' అని కురచగా కొట్టినా లోపలికి 'వర్టికల్' అనే నిండు మాటే వెళ్తుంది. 'లెఫ్ట్‌ఎబవ్' అన్నా 'ఎబవ్‌లెఫ్ట్' అన్నా ఒకటే కనుక 'ఎబవ్‌లెఫ్ట్' అని వెళ్తుంది. 'ఫిల్టర్' అనే మాడిఫయర్ ఒకటి మాత్రం '<మాడ్స్>' ద్వారా వెళ్ళదు, ఆ సంగతి సహాయం పేజీలోనే రాసి ఉంది.

ఇది విమ్‌లో మొదటి నుంచీ ఉన్నది కాదు. బిల్ జాయ్ బర్క్‌లీలో 1976లో మొదలుపెట్టిన వీఐ ఎడిటర్‌ను అనుసరిస్తూ, నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ 1991లో విమ్‌ను విడుదల చేశాడు. '<మాడ్స్>' వచ్చింది 2016లో, అదే ఏడు సెప్టెంబరులో వెలువడిన విమ్ 8.0లో అది అందరికీ అందింది. అంటే పాతికేళ్ళు ఇది లేకుండానే గడిచింది. అప్పట్లో ప్లగిన్లు రాసేవాళ్ళు ఒక్కో పనికి మూడేసి కమాండ్లు పెట్టేవాళ్ళు. ఫ్యుజిటివ్ అనే ప్రసిద్ధ ప్లగిన్‌లో జీస్ప్లిట్, జీవీస్ప్లిట్, జీట్యాబ్ఎడిట్ అని మూడు ఉన్నాయి చూడండి, మీద తెరవడానికి ఒకటి, పక్కన తెరవడానికి ఒకటి, ట్యాబ్‌లో తెరవడానికి ఒకటి. 'నెమ్మదిగా' అన్న మాటను అందించే దారి లేకపోతే 'నడువు'కు ఒక క్రియ, 'నెమ్మదిగానడువు'కు ఇంకో క్రియ పుట్టించుకోవాల్సిందే కదా.

'అని' చేర్చడం: <క్యూ-మాడ్స్>

ఒక్క లైనుతో పోయే పనికి పైది చాలు. కానీ నా 'ఖాతా'కు ఇంకో రెండు పనులు చెప్పాలనిపించింది. ఫైలు తెరవగానే ఆఖరి లైనుకు పోవాలి, జమ కనబడకుండా ఉండే ప్రమాదమే ఉండకూడదు. పేరు తప్పు కొడితే ఖాళీ ఖాతా తెరవకుండా, అలాంటి ఖాతా లేదని చెప్పాలి. ఇంత పనికి ఫంక్షన్ కావాలి.

ఫంక్షన్! ఖాతాతెరువు(పేరు, మాడ్స్)
  లెట్ ఫైలు = ఎక్స్‌పాండ్('~/దుకాణం/') . ఎ:పేరు . '.టీఎక్స్‌టీ'
  ఇఫ్ !ఫైల్‌రీడబుల్(ఫైలు)
    ఎకో 'ఆ పేరుతో ఖాతా లేదు'
    రిటర్న్
  ఎండ్ఇఫ్
  ఎగ్జిక్యూట్ ఎ:మాడ్స్ 'స్ప్లిట్' ఎఫ్‌నేమ్‌ఎస్కేప్(ఫైలు)
  నార్మల్! జీ
ఎండ్‌ఫంక్షన్

కమాండ్! -ఎన్‌ఆర్గ్స్=1 ఖాతా కాల్ ఖాతాతెరువు(<క్యూ-ఆర్గ్స్>, <క్యూ-మాడ్స్>)

'నార్మల్!' తర్వాతి జీ క్యాపిటల్, ఫైలు చివరికి పొమ్మని. ఫంక్షన్ పేరు కూడా క్యాపిటల్‌తోనే మొదలవ్వాలి.

ఇక్కడ '<మాడ్స్>' బదులు '<క్యూ-మాడ్స్>' ఎందుకు? దీన్ని అర్థం చేసుకోవడానికి మన 'అని' చాలు.

మామ నాతో "మెల్లగ అడుగు" అన్నప్పుడు నేనే అడిగితే, 'మెల్లగా' అన్నది నేను పాటించే మాట. నేను అడగకుండా కుర్రాడికి చెప్పాలనుకుంటే, 'మెల్లగా అడగమని' చెప్పాలి. అప్పుడు ఆ మాట నేను పాటించేది కాదు, నేను మోసుకెళ్ళేది. తెలుగులో మాటను మూట కట్టి ఇంకొకరికి అందించే పని 'అని' చేస్తుంది. విమ్‌లో ఆ పని 'క్యూ-' చేస్తుంది. అది మాట చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టి స్ట్రింగ్‌గా మారుస్తుంది.

అది లేకుండా '<మాడ్స్>' అని మాత్రమే రాస్తే లోపల 'కాల్ ఖాతాతెరువు("పూలవ్వ", వర్టికల్)' అవుతుంది. కొటేషన్ లేదు కాబట్టి 'వర్టికల్' అనే పేరుతో ఏదో వేరియబుల్ ఉందనుకుని విమ్ వెతుకుతుంది. దొరకదు. ఈ121, అలాంటి వేరియబుల్ లేదని తప్పు వస్తుంది. '<క్యూ-మాడ్స్>' రాస్తే 'వర్టికల్' అన్న మాట స్ట్రింగ్‌గా ఫంక్షన్‌కు చేరుతుంది. విశేషణం లేనప్పుడు ఖాళీ స్ట్రింగ్ చేరుతుంది.

ఫంక్షన్ లోపల 'ఎగ్జిక్యూట్' ఆ మూట విప్పుతుంది. తనకిచ్చిన ముక్కలను మధ్యలో ఖాళీ పెట్టి కలిపి, ఒక కమాండ్‌గా నడుపుతుంది. 'వర్టికల్', 'స్ప్లిట్', ఫైలు పేరు కలిసి మనకు కావలసిన లైను తయారవుతుంది. 'ఎఫ్‌నేమ్‌ఎస్కేప్' పని, ఫైలు పేరులో ఖాళీ లాంటి అక్షరాలున్నా విమ్ తికమక పడకుండా చూడటం.

ఎక్కువమంది పడే రెండు గోతులు

మొదటిది, '<మాడ్స్>'ను 'కాల్' ముందు పెట్టడం.

కమాండ్! -ఎన్‌ఆర్గ్స్=1 ఖాతా <మాడ్స్> కాల్ ఖాతాతెరువు(<క్యూ-ఆర్గ్స్>)

చూడటానికి సరిగానే ఉంది. లోపల 'వర్టికల్ కాల్ ...' అవుతుంది. కానీ ఇప్పుడు విశేషణం తగిలింది 'కాల్'కు. ఫంక్షన్ లోపలి 'స్ప్లిట్' మళ్ళీ వేరే కమాండ్. మాట ఒక మెట్టు ముందుకొచ్చి అక్కడ పడిపోయింది.

రెండోది, విశేషణాన్ని 'ఎగ్జిక్యూట్' బయట పెట్టడం. ':వర్టికల్ ఎగ్జిక్యూట్ "స్ప్లిట్"' పనిచేయదు. 'ఎగ్జిక్యూట్'కూ 'నార్మల్'కూ వర్టికల్ తగలదని సహాయం పేజీలోనే ఉంది. విశేషణం స్ట్రింగ్ లోపలికి పోవాలి: ':ఎగ్జిక్యూట్ "వర్టికల్ స్ప్లిట్"'.

రెండు గోతులకూ గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒకటే. కిటికీని నిజంగా చీల్చే కమాండ్ ఏదో చూడండి, విశేషణం సరిగ్గా దాని ముందుకు చేరిందా చూడండి. ఒక సొంత కమాండ్ ఇంకో సొంత కమాండ్‌ను పిలిచినా ఇంతే. మధ్యలో ఎన్ని మెట్లుంటే అన్ని చోట్లా '<మాడ్స్>' ఉండాలి. ఒక్క చోట లేకపోయినా, దాని తర్వాతవాటికి ఆ మాట అందదు.

మరి సైలెంట్ ఎందుకు పనిచేస్తుంది?

కొందరు ప్రయత్నించి చూసి నన్ను అడిగారు: "నా కమాండ్‌లో '<మాడ్స్>' లేదు, అయినా ':సైలెంట్' పెడితే పనిచేస్తోంది, ఎట్లా?" మంచి ప్రశ్న. విశేషణాల్లో రెండు జాతులున్నాయి. 'సైలెంట్' అంటే, ఈ కమాండ్ పూర్తయ్యేదాకా సందేశాలు ఆపేయమని. 'నోఆటోసీఎండీ' అంటే, ఇది పూర్తయ్యేదాకా ఆటోకమాండ్లు లేపొద్దని. ఇవి ఒక వేళకు సంబంధించినవి. ఆ వేళలో లోపల ఏం జరిగినా వీటి కిందికే వస్తుంది. మార్కెట్‌లో కరెంటు పోతే ఒక్క దుకాణానికి కాదు, వచ్చేదాకా అన్ని దుకాణాలకూ చీకటే కదా.

'వర్టికల్', 'ట్యాబ్', 'బాట్‌రైట్', 'కన్‌ఫర్మ్' అలాంటివి కావు. ఇవి ఒక్క కమాండ్‌కు కట్టిన చీటీలు. చేతులు మారినప్పుడల్లా చీటీ మళ్ళీ కట్టాలి. '<మాడ్స్>' అవసరం ముఖ్యంగా వీటికే. ఏది ఏ జాతిదో గుర్తులేకపోతే అన్నిటినీ అందించండి, 'సైలెంట్' రెండుసార్లు చెప్పినంత మాత్రాన నష్టం లేదు.

అలాగని గుడ్డిగా ప్రతి లైను ముందూ అంటించకూడదు. మీ కమాండ్ ముందు సేవ్ చేసి, తర్వాత కిటికీ తెరిచి, చివర ఇంకేదో మూస్తుందనుకోండి. 'వర్టికల్' తెరిచేదానికి, 'కన్‌ఫర్మ్' మూసేదానికి అర్థవంతం. ఎవరు వాడతారో, వాళ్ళు ఆ విశేషణంతో ఏం ఆశిస్తారో ఆలోచించి పెట్టాలి. నియోవిమ్‌లో లూవా భాషతో కమాండ్ రాస్తే ఇది ఇంకా సులువు. అక్కడ మీ ఫంక్షన్‌కు 'మాడ్స్' అనే స్ట్రింగ్‌తో పాటు 'ఎస్‌మాడ్స్' అనే పట్టిక కూడా అందుతుంది. అందులో వర్టికల్ ఉందా, సైలెంట్ ఉందా అని విడివిడిగా చూసి, దేనికి కావలసింది దానికి ఇవ్వొచ్చు.

మీరు చేసి చూడండి

విమ్‌ఆర్‌సీలో ఈ లైను పెట్టండి. మొదటి అక్షరం క్యాపిటల్ అని మరవొద్దు.

కమాండ్! చూడు ఎకో <క్యూ-మాడ్స్>

ఇప్పుడు ఒక్కొక్కటే కొట్టండి.

1. ':చూడు' – ఖాళీ లైను వస్తుంది.
2. ':వెర్ట్ చూడు' – కురచ మాటకు నిండు మాట కనబడుతుంది.
3. ':ట్యాబ్ చూడు', ':కన్‌ఫర్మ్ చూడు', ':వర్టికల్ బాట్‌రైట్ చూడు' – అందినవన్నీ కనబడతాయి.
4. ':సైలెంట్ చూడు' – ఏమీ కనబడదు. ఎందుకో పై భాగం చదివినవాళ్ళు చెప్పగలరు. మాట అందలేదని కాదు, అంది దాన్ని పాటించింది కాబట్టి.

తర్వాత మీ విమ్‌ఆర్‌సీలో మీరు రాసుకున్న కమాండ్లన్నీ ఒకసారి చూడండి. కిటికీ తెరిచేవి, ఫైలు మూసేవి ఏవున్నాయో చూసి, వాటిలో '<మాడ్స్>' ఉందా లేదా గమనించండి. నా విమ్‌ఆర్‌సీలో పదకొండు సొంత కమాండ్లుంటే, అవసరమైన అయిదింటిలో ఒక్కదాంట్లోనూ లేదు.

విమ్‌ను ఫైలు లేకుండా తెరిస్తే యుగాండాలోని పేద పిల్లలకు సాయం చేయమని ఒక లైను కనబడుతుంది. ఈ ఎడిటర్‌ను బ్రామ్ మూలెనార్ అమ్మలేదు, వాడుకునేవాళ్ళను ఆ పిల్లలకు ఇవ్వమని మాత్రం అడిగాడు. ఆయన 2023 ఆగస్టు 3న చనిపోయాడు. 2024 జనవరిలో వచ్చిన విమ్ 9.1ను ఆయనకే అంకితమిచ్చారు. ఆయన లేకపోయినా ఆ లైను మాత్రం తెర మీద అలాగే ఉంది.

దుకాణం సంగతి చెప్పి ముగిస్తాను. మరుసటి ఆదివారం కొత్త 'ఖాతా' కమాండ్ పెట్టాను. రోజు పుస్తకం ఎడమ, ఖాతా కుడి, కర్సరు ఆఖరి జమ మీద. మామ చూసి, "ఇప్పుడు కనబడుతున్నది," అన్నాడు. పూలవ్వ దగ్గరికి నేనే వెళ్ళాను. ఆవిడ మల్లెలు కడుతోంది, గిరాకీ లేని వేళ చూసుకునే వెళ్ళాను. "అవ్వా, ఇక నుంచి లెక్కేదైనా ఉంటే నేనే వచ్చి అడుగుత," అన్నాను. తలెత్తకుండానే, "సరే తీ బిడ్డా," అంది.

కుర్రాడికి పని చెప్పేటప్పుడు ఇప్పుడు మామ అన్న మాటలన్నీ చెబుతున్నాను, ముందున్నవి కూడా. వాడు ఒక్కోసారి నవ్వుతాడు, "తెలుసన్నా, మెల్లగనే అడుగుత," అని.